షెడ్డులో లైటు దానంతటదే వెలిగిన రోజులు

4వ తేదీ, సోమవారం

నా పేరు కత్తెరమ్మ. పుట్టినప్పుడు పెట్టిన పేరు వేరే ఉంది గానీ ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు, కాబట్టి ఇదే రాయి. దర్జీ కొట్టులో బట్ట కత్తిరించేదాన్ని. నోరు కూడా అలాంటిదేనని జనం అంటారు, అననీ. వయసు డెబ్బై ఎనిమిది. ఇంట్లో ముగ్గురం. నేను, మా ముసలాయన, మా అమ్మాయి కూతురు. మనవరాలు టీవీలూ ఇన్వర్టర్లూ బాగుచేసే షాపులో పని చేస్తుంది. ఈ రాత దానిది, మాట నాది. నాకు అక్షరం రాదు. చెప్పింది చెప్పినట్టు రాయాలి, మధ్యలో దాని తెలివి కలపకూడదని ముందే ఒప్పందం.

ఎందుకు రాయిస్తున్నానంటే, ముసలాయనకి చెవులు వినపడవు. చెక్క తిప్పే లేత్ మిషను పక్కనే బతుకంతా గడిపాడు, ఆ మోతకే పోయాయి. మాట మాత్రం ఉంది, అదీ వీధి చివరికి వినపడేంత. ఈయన షెడ్డు, మా గది ఒకే గోడకి అటూ ఇటూ. ఈ వరసలో ఉన్న షెడ్లన్నిటికీ ఒకడే ఓనరు, ఒకడే మేనేజరు. నిన్న మేనేజరు వచ్చి, అన్ని షెడ్లకీ కలిపి మంటల సైరన్ పెట్టామన్నాడు. అది వినపడని మనిషి లోపల ఒంటరిగా పని చెయ్యకూడదట. వచ్చే నెల నుంచి షెడ్డు ఖాళీ చెయ్యాలట.

"ఆయన కాళ్ళు చేతులు బాగానే ఉన్నాయి కదా బాబూ" అన్నాను.

"చెవుల సంగతి మామ్మగారూ. రేపు ఏదైనా అయితే నన్నడుగుతారు."

మనవరాలు అడ్డొచ్చింది. సైరన్ మోగితే షెడ్డులో కళ్ళు చెదిరే లైటు టపటపా కొట్టుకునేలా తను చేస్తానంది. మేనేజరు కాసేపు ఆలోచించి, "చెయ్యండి. నేనొచ్చి చూస్తాను. ఆయన లైటు చూసి బయటికొస్తే షెడ్డు ఉంటుంది. రాకపోతే నన్నేమీ అనకండి" అన్నాడు.

ఆ మిషను తీసేస్తే ముసలాయన ఈ గదిలో నాకెదురుగా కూర్చుని గోడ చూస్తాడు. నేను చూడలేను. అందుకని జరిగింది జరిగినట్టు రాయించి, మళ్ళీ చదివించుకుంటాను. మేనేజరు ముందు తడబడకూడదు. ఇంకెవరికీ చూపించడానికి కాదు.

5వ తేదీ, మంగళవారం

మనవరాలు లైటు తెచ్చింది. ఎల్ఈడీ అట. నా అరచేతిలో సగం లేదు. ఒక్కసారి నేరుగా బ్యాటరీకి తగిలిస్తే కళ్ళ ముందు పచ్చటి మచ్చలు తిరిగాయి చాలాసేపు.

దీన్ని నడిపేది ఒక చిప్పు. మైక్రోకంట్రోలర్ అంటుంది అది. సైరన్ మోగిందా లేదా చూసుకుని లైటు వెయ్యాలా వద్దా అనేది ఆ చిప్పే తేలుస్తుందట. నా దగ్గర ఒక బటన్ కూడా ఉంటుంది. అది నొక్కితే లైటు నిదానంగా రెండుసార్లు వెలుగుతుంది, భోజనానికి పిలవడానికి. ఇన్నాళ్ళూ ఆయన్ని పిలవాలంటే షెడ్డు బల్బు స్విచ్చి కిందికీ పైకీ అనేదాన్ని. ఇక ఆ తిప్పలు లేవు.

"మరి చిప్పే లైటు వెలిగించొచ్చుగా, మధ్యలో ట్రాన్సిస్టర్ అని ఇంకోటి కావాలంటావేంటి?" అన్నాను.

"చిప్పుకి అంత సత్తువ లేదమ్మమ్మా. తెలివుంది, బలం లేదు. ఆ లైటు తాగే కరెంటు దాని గుండా పోతే మాడిపోతుంది. ట్రాన్సిస్టర్ కుళాయి లాంటిది. చిప్పు చిటికెన వేలితో తిప్పుతుంది, పెద్ద ధార వేరే దారిన పోతుంది."

"అయితే ఏదో ఒక కుళాయి పెట్టు."

"ఏదో ఒకటి కుదరదు. అదే తంటా."

7వ తేదీ, గురువారం

నల్ల గింజలాంటి చిన్న ట్రాన్సిస్టర్ పెట్టింది. లైటు వెలిగింది. నేను చప్పట్లు కొట్టేలోపు వాసనొచ్చింది. గింజ పగిలింది.

8వ తేదీ, శుక్రవారం

షాపులో పాత సామాన్లలోంచి ఏరి ఒక చెయ్యి నిండా ట్రాన్సిస్టర్లు తెచ్చింది. పళ్ళెంలో పోసింది. నేను ఒక్కొక్కటీ చేత్తో ఎత్తి చూశాను. కత్తెర కొనేటప్పుడు కూడా అంతే, రంగూ రూపూ చూడను, చేతికి బరువు తెలుస్తుందా లేదా చూస్తాను. తేలికది గుడ్డని నములుతుంది. వీటిలో వీపుకి ఇనప రేకున్నది ఒకటి మంచి బరువుంది.

"ఇది" అన్నాను.

"ఇది పెద్ద పవర్ సప్లైలోదమ్మమ్మా. చాలా కరెంటు మోస్తుంది, నిజమే గానీ..."

"మోస్తుందన్నావు కదా. ఇంకా గానీ ఏంటి?"

పెట్టింది.

9వ తేదీ, శనివారం

లైటు వెలిగింది గానీ నీరసంగా, జ్వరం మనిషి కళ్ళలా. ట్రాన్సిస్టర్ మాత్రం కాలిపోతోంది. ముట్టుకుంటే వేలు చురుక్కుమంది, బొబ్బ.

మనవరాలు మీటరు పెట్టి చూసి చెప్పింది. ఈ రకం కుళాయి పూర్తిగా తెరుచుకోవాలంటే గేటు దగ్గర పది వోల్టులు కావాలట. గేటు అంటే చిప్పు వేలు పెట్టి తిప్పే కాలు. మన చిప్పు ఇచ్చేది మూడు చిల్లర. అందుకని సగమే తెరుచుకుంటుంది. సగం తెరుచుకున్న చోట రాపిడి ఎక్కువ, ఆ రాపిడి అంతా వేడి.

నాకు అర్థమైంది. నేను బరువన్నానే గానీ అదే పెట్టమని బలవంతం చెయ్యలేదు. అది రాయి. "బలవంతం చేశావు అమ్మమ్మా" అంటోంది. చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను కాబట్టి దాని మాట కూడా ఉండనీ, ఎవరు చదువుతారు గనక.

10వ తేదీ, ఆదివారం

ముసలాయన మిషను ఆపి వచ్చి, మేమిద్దరం నేల మీద తీగలు పరిచి కూర్చోవడం చూశాడు. వేలి బొబ్బ చూశాడు. మొత్తం వరసకి వినపడేలా, "ఆ పనికిమాలిన లైటు నాకొద్దు. నిప్పు పుడితే నాకు వాసన తెలుస్తుంది. నా ముక్కు మీ చెవుల కంటే నయం" అన్నాడు.

పక్క షెడ్డు తాళాలాయన తొంగి చూశాడు. ఆయన కూడా పెద్దమనిషే, తాళాలు బాగుచేస్తాడు, నన్ను పిన్నీ అంటాడు.

నేను నోరు పెద్దగా తెరిచి, చేతులతో కూడా చెప్పాను. "లైటొద్దంటే షెడ్డు పోతుంది."

"పోనీ."

"పోనీ అంటావా? సరే. ఇకమీద నిన్ను ఏ లైటుతోనూ పిలవను. ఆకలైతే నువ్వే రా."

తలుపు వేసేశాను.

11వ తేదీ, సోమవారం

పిలవలేదు. చల్లారాక వచ్చి తిన్నాడు.

12వ తేదీ, మంగళవారం

మనవరాలు షాపు నుంచి వేరే ట్రాన్సిస్టర్ తెచ్చింది. చిన్నది, తేలిక, పళ్ళెంలో ఉంటే నేను తీసి అవతల పెట్టేదాన్ని. కానీ ఇది మూడు వోల్టులకే పూర్తిగా తెరుచుకునే రకం. అందుకే ఇంతసేపు వెలిగినా వేలు పెడితే చల్లగా ఉంది. లైటు చూస్తే షెడ్డులో మిట్టమధ్యాహ్నం దిగినట్టుంది. గోడల మీద ఇన్నేళ్ళ చెక్కపొట్టు కనపడింది. సిగ్గేసింది.

ట్రాన్సిస్టర్, లైటు షెడ్డులో బిగించింది. గేటు తీగ గోడలో కన్నం గుండా మా గదిలోకి, నా అలమర మీదికి తెచ్చింది. చిప్పు అక్కడ ఉండాలి. సైరన్ సంగతి ఇంకా నేర్పాలని చిప్పుని పెట్టెతో సహా షాపుకి పట్టుకెళ్ళింది. తీగ కొస అలమర మీదే వదిలేసింది.

ముసలాయన లైటు వంక చూడలేదు. నా వంకా చూడలేదు.

13వ తేదీ, బుధవారం

పొద్దున అలమర తుడుస్తున్నాను. మిషను ఆగింది. ముసలాయన గుమ్మంలోకొచ్చాడు.

"పిలిచావా?"

లేదని తలూపాను.

"లైటు వెలిగింది."

నేను పిలవలేదు. రాయి, నేను పిలవలేదు. అలమర తుడుస్తున్నాను. తీగని చేత్తో పక్కకి జరిపానంతే.

గుమ్మంలో కాసేపు నిలబడ్డాడు. గెడ్డం మీద చెక్కపొట్టు. వెళ్ళిపోయాడు.

14వ తేదీ, గురువారం

ఆ అలమర బాగా దుమ్ము పడుతోంది. షెడ్డు పక్కన గది కదా, పడక ఏం చేస్తుంది.

వంట అయ్యాక తుడిచాను. వచ్చాడు. "పిలిచావా?"

"లేదు."

"మళ్ళీ వెలిగిందే."

"నాకేం తెలుసు."

ఎలాగూ వచ్చాడని కూర్చున్నాడు. ఎలాగూ కూర్చున్నాడని వడ్డించాను. వేడిగా తిన్నాడు.

15వ తేదీ, శుక్రవారం

తుడిచాను. వచ్చాడు. ఈ రోజు గుమ్మంలోనే అడిగాడు, పిలిచావా అని. లేదన్నాను. "దానికి పిచ్చెక్కింది" అన్నాడు. తిని వెళ్ళాడు. మెట్ల కమ్మీలకి ఆర్డర్ వచ్చిందని చెప్పాడు, ఎవరితోనో చెప్పినట్టు, గోడకేసి చూస్తూ.

16వ తేదీ, శనివారం

తుడిచాను.

17వ తేదీ, ఆదివారం

తుడిచాను. రాలేదు. ఇంకోసారి తుడిచాను. మిషను మోత ఆగలేదు.

కాసేపటికి తనే వచ్చి, "ఆ లైటు ఊరికే మిణుకుతోంది, నేను చూడ్డం మానేశాను" అన్నాడు. మంచిదన్నాను.

రాసేటప్పుడు నా మొహం చూడకు పిల్లా. రాత చూడు.

18వ తేదీ, సోమవారం

చిప్పు తిరిగొచ్చింది. మనవరాలు అలమర దగ్గర నిలబడి తీగ కొస చేత్తో పట్టుకుంది, గోడ కన్నంలోంచి అవతల వెలుగు కదలడం చూసింది. నా వంక చూసింది. అలమర చూసింది. మా ఇంట్లో అంత శుభ్రంగా ఉన్నది ఇంకేదీ లేదు.

"అమ్మమ్మా, గేటు గాల్లో వేలాడుతోంది."

"అంటే?"

"ఈ రకం ట్రాన్సిస్టర్‌కి గేటు దగ్గర కరెంటు పారక్కర్లేదు, కొంచెం వోల్టేజీ తగిలితే చాలు. తీగ దేనికీ కలపకుండా వదిలేస్తే మనిషి చెయ్యి దగ్గరికొచ్చినా చాలు, తెరుచుకుంటుంది. చిప్పు ఉన్నా, అది నిద్ర లేచే ఆ క్షణంలో గేటుని పట్టుకోదు. గేటుకీ మైనస్ తీగకీ మధ్య ఒక రెసిస్టర్ వెయ్యాలి. ఎవరూ ఏమీ చెప్పనప్పుడు మూసుకునే ఉండేలా. నేనే మర్చిపోయాను."

"ఇప్పుడు అంత అవసరమా?"

"అవసరమా అంటావేంటి. ఊరికే వెలిగే లైటుని ఎవరు నమ్ముతారు? రేపు నిజంగా నిప్పు పుట్టినా తాతయ్య తలెత్తడు."

నేను తుడిచే గుడ్డ మడిచి పక్కన పెట్టాను. అది మళ్ళీ అడిగింది, నిదానంగా. "తాతయ్య వచ్చినప్పుడు నువ్వేమన్నావు?"

"పిలవలేదన్నాను. పిలవలేదు కాబట్టి."

సరేనని ఊరుకుంది. దానికి వాళ్ళమ్మ పోలిక. ఊరుకోవడం కూడా గట్టిగా ఊరుకుంటుంది.

19వ తేదీ, మంగళవారం

రెసిస్టర్ వేసింది. ట్రాన్సిస్టర్ కాళ్ళ దగ్గరే, షెడ్డు వైపు. బియ్యపు గింజంత లేదు.

20వ తేదీ, బుధవారం

తుడిచాను. దుమ్ము లేదు. రాలేదు.

బటన్ ఉంది పక్కనే. నొక్కలేదు. పిలవనని అన్నదాన్ని నేను, అందరి ముందూ.

21వ తేదీ, గురువారం

మేనేజరు వచ్చాడు. తాళాలాయన కూడా వచ్చి నిలబడ్డాడు, అడక్కపోయినా. ముసలాయన మిషను దగ్గర, మాకు వీపు పెట్టి. మేనేజరు ఫోన్ చేశాడు, ఆఫీసులో ఎవరో సైరన్ వేశారు. నాకు చెవులు గింగురుమన్నాయి. షెడ్డులో లైటు మొదలైంది. గోడలూ ఉలులూ చెక్కా అన్నీ తెల్లగా నల్లగా తెల్లగా నల్లగా. నిలబడ్డవాళ్ళం, మనవరాలితో కలిపి నలుగురం, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకున్నాం.

ముసలాయన తల తిప్పి ఒకసారి లైటు చూశాడు. మళ్ళీ చెక్క మీదికి వంగాడు.

మేనేజరు సైరన్ ఆపించాడు. "చూశారు కదా మామ్మగారూ. లైటు బాగుంది. నేను కాదనను. ఆయన కదల్లేదు."

నేను ఇన్ని రోజులుగా చదివించుకున్నవి ఒక్కటీ నోటికి రాలేదు. నేరుగా లోపలికెళ్ళి ముసలాయన ముందు నిలబడ్డాను. మిషను ఆపాడు.

"లైటు చూశావా?" నోరు పెద్దగా తెరిచి అడిగాను.

"చూశాను. దాని పిచ్చి తగ్గలేదు."

"బాగుచేసింది పిల్ల."

"చెప్పింది. అసలు బాగున్నదెప్పుడు? రోజూ వెలిగేది, వచ్చి అడిగితే పిలవలేదనేదానివి. నేను రావడం, నువ్వు లేదనడం."

మేనేజరు వింటున్నాడు. తాళాలాయన వింటున్నాడు. ఈయన గొంతు సంగతి చెప్పానుగా, వరసంతా వింటోంది.

"మొదటిసారి పిలవలేదు. తర్వాత నేనే పిలిచాను" అన్నాను.

"ఏంటి? పెదాలు సరిగ్గా కదుపు."

"తర్వాత నేనే పిలిచాను."

"ఏం పిలిచావు? ఎవర్ని?"

మూడోసారి అరిచాను. అరిచినా ఒకటే, అరవకపోయినా ఒకటే ఈయనకి, కానీ అరిచాను. చేతులతో కూడా చెప్పాను. తీగని, అలమరని, గుడ్డని, ఆయన్ని, నన్ను. తాళాలాయన బయటికి తిరిగి ఎవరిదో తాళం చూడ్డం మొదలుపెట్టాడు, చేతిలో తాళమేమీ లేదు.

ముసలాయనకి ఈసారి అర్థమైంది. మొహం తుడుచుకున్నాడు.

"మరి లేదన్నావేం?"

"లైటొద్దన్నావు కదా."

"లైటొద్దన్నాను. నిన్నొద్దన్నానా, భోజనం వద్దన్నానా?"

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. ఇంకొక్కసారి చూస్తానన్నాడు. ఎప్పుడనేది మాత్రం చెప్పనన్నాడు, చెప్పి చూస్తే అది పరీక్ష కాదట. అప్పుడు కూడా కదలకపోతే అంతే సంగతులన్నాడు. సబబే. ఒప్పుకున్నాను.

వాళ్ళు వెళ్ళాక, వంట అయ్యాక, బటన్ నొక్కాను. నిదానంగా రెండుసార్లు. వచ్చాడు. ఏమీ అడగలేదు.

23వ తేదీ, శనివారం

సైరన్ లేదు. పిలిచాను, వచ్చాడు.

24వ తేదీ, ఆదివారం

లేదు. ముసలాయన మనవరాలిని కూర్చోబెట్టి ఆ ట్రాన్సిస్టర్ సంగతి మొత్తం చెప్పించుకున్నాడు, కాగితం మీద బొమ్మలేయించుకుని. బరువుది ఎందుకు పనికిరాలేదో విని నా వంక చూసి నవ్వాడు. మెల్లగానే నవ్వాననుకుంటాడు.

27వ తేదీ, బుధవారం

ఇది మేనేజరు అడిగినందుకు చెబుతున్నాను. సంతకం అక్కర్లేదు, వేలిముద్ర చాలన్నాడు. అందరి ముందూ చెప్పి రాయిస్తున్నాను.

ఈ రోజు భోజనాలయ్యాక నేను గదిలో ఉతికిన బట్టలు మడత పెడుతున్నాను. సైరన్ మోగింది. నేను లేవలేదు. పరీక్ష ఆయనది, నేనెందుకు లేవాలి? వస్తాడా రాడా అని చెవి గోడకేసి కూర్చున్నాను. మిషను ఆగింది. మోత తగ్గడం నాకు తెలిసింది, సైరన్‌లో కూడా.

తలుపు తోసుకుని వచ్చాడు. వీధిలోకి కాదు, మా గదిలోకి. నా చేతిలో బట్టలు లాగి మంచం మీద పడేశాడు.

"కూర్చున్నావేం? లే."

"పరీక్ష నీది కదయ్యా."

పెదాలు చూశాడు. "నిప్పుకి తెలుసా ఎవరి పరీక్షో?"

చెయ్యి పట్టుకుని నడిపించాడు. నా మోకాళ్ళ సంగతి ఆయనకి తెలుసు, లాగలేదు, నాతో సమంగా నడిచాడు. బయట మేనేజరు ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు. వరసలో మేమిద్దరమే ముందు. తాళాలాయన అందరికంటే ఆఖరున, చెంబు పట్టుకుని వచ్చాడు.

మేనేజరు తాళాలాయన్ని అడిగాడు, "మీకు వినపడలేదా?" అని.

"వినపడింది సార్. రోజూ ఏదో ఒక మోత ఉంటుంది కదా అనుకున్నాను."

మేనేజరు ముసలాయన వంక తిరిగి, షెడ్డు ఉంచుకోవచ్చని చేత్తో చెప్పాడు, ఎలా చెప్పాలో తెలియక షెడ్డునీ ఆయన్నీ రెండు వేళ్ళూ కలిపి చూపించాడు. ముసలాయన సరేనని తలూపి, మిషను మీద పని సగంలో ఉందని వెళ్ళిపోయాడు.

నేను చెప్పే మాట ఇది. లైటు సక్రమంగా వెలిగింది. ట్రాన్సిస్టర్ చల్లగా ఉంది, చెయ్యి పెట్టి చూశాను. గేటుకి రెసిస్టర్ ఉంది. అంతకుముందు కొన్ని రోజులు లైటు తప్పుగా వెలిగిన మాట నిజం. మొదటి రోజు తప్ప, మిగతా రోజుల తప్పు లైటుది కాదు, నాది. ఇది కూడా రాయాలన్నాను. ఆ ముక్క అవసరం లేదు మామ్మగారూ అంటున్నాడు మేనేజరు. ఆయన అన్నదీ రాయి, నేను రాయమన్నదీ రాయి.

సైరన్ మోగితే చెవులున్న నేను కూర్చున్నాను. వినపడని మనిషి లేచి, నన్ను లేపి, బయటికి తెచ్చాడు. ఈ షెడ్డులో ఎవరు ఉండొచ్చో ఎవరు ఉండకూడదో తేల్చేటప్పుడు అది లెక్కలోకి తీసుకోవాలి. ఇంతే.

కత్తెరమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర

సాక్షులు:
తాళాలాయన (ఆలస్యంగా వచ్చిన సంగతి కూడా ఒప్పుకుంటూ)
షెడ్ల మేనేజరు
రాసింది మనవరాలు